ముప్పై ఒక్క బానలు, ఒక మూత

మా మేనత్తని ఎవరూ తమ ఇంటికి రెండోసారి పిలవరు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ చేసే నిర్వాకం అలాంటిది. కాఫీ ఇస్తారు, తాగుతుంది. తాగాక కప్పు తిరగేసి అడుగు చూస్తుంది. అక్కడితో ఊరుకుంటే మర్యాదగానే ఉండేది. అడుగున పూత లేని అంచు మీద నాలుక ఆనిస్తుంది. "మీరనుకున్నంత పాతదేం కాదండీ. చెవి ఒకసారి విరిగితే అతికించారు కూడా," అని చెప్పి కప్పుని జాగ్రత్తగా సాసర్లో పెడుతుంది. ఇంటావిడ మొహం మాడిపోతుంది. పక్కన మా మామయ్య పైకప్పు కేసి చూస్తూ ఉంటాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన చూసినన్ని పైకప్పులు ఇళ్ళు కట్టేవాళ్ళు కూడా చూసి ఉండరు.

ఆవిడకి పిచ్చి లేదు. ఉద్యోగం ఉంది. పాత వస్తువుల మ్యూజియంలో మట్టిపాత్రల విభాగానికి జాబితా రాసే పని. నాలుక సంగతి కూడా ఆ పనిలో భాగమే. తక్కువ సెగలో కాలిన మట్టి నాలుకని పట్టుకుంటుంది, బాగా కాలింది జారిపోతుంది. ఈ ముక్క అర్థమయ్యేదాకా నేనూ సిగ్గుతో చచ్చేదాన్ని. నేను అదే మ్యూజియంలో టికెట్ల గదిలో కూర్చుంటాను. ఆ ఉద్యోగం అత్త ఇప్పించింది కాదు. అడక్కుండానే ఎందుకు చెప్తున్నానంటే, జనం అడగరు, అనేసుకుంటారు.

వస్తువు ఏదైనా అత్త దానికో అట్ట కార్డు రాస్తుంది. నంబరు, కొలతలు, ఆ కింద రెండు గీతలు. ఒకటి "చేసినవారు", రెండోది "ఎందుకు". మంగళవారాలు బయటివాళ్ళు కూడా తమ ఇళ్ళలో ఉన్న పాత సామాను తెచ్చి చూపించుకోవచ్చు. మంగళవారం మా దగ్గరికి వచ్చే మొహాలకీ, వెళ్ళే మొహాలకీ పోలిక ఉండదు. ఒకాయన రాణిగారి అత్తరుబుడ్డి అంటూ పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. అత్త ఒకసారి తిరగేసి, "బడిపిల్లల సిరాబుడ్డి. ఇదుగో, పాళీ ఒరుసుకుని ఒరుసుకుని మూతి అరిగింది," అంది. ఇంకో దంపతులు భోజనాలబల్ల మధ్యలో కొవ్వొత్తులు పెట్టుకుంటున్న పళ్ళెం తెచ్చారు. అది కోడిపిల్లలు నీళ్ళు తాగడానికి చేసింది. ఆవిడకి ఓదార్చి చెప్పడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తర్వాత ఎవరండీ అని తలుపు కేసి చూస్తుంది.

ఆవిడ పేరు నిలబెట్టింది మాత్రం ముప్పై ఒక్క బానలు.

అవి నీళ్ళకీ ధాన్యానికీ వాడే పెద్ద మట్టిబానలు. ఒక్కోటి నా నడుం దాకా వస్తుంది. ఎప్పుడో మూతపడిన కుండల కార్ఖానా షెడ్డులోంచి బండి మీద వచ్చాయి. అప్పటికి అత్త ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. అత్త ఒక్కోదాన్నీ గడ్డి మీద బోర్లించి అడుగున ఒకే ముద్ర ఉందని కనిపెట్టింది. ఆ ముద్ర కార్ఖానా యజమానిదని పాత కాగితాల్లో తవ్వి తీసింది. ఆయన్ని అందరూ పెద్ద మేస్త్రి అనేవాళ్ళట. అంత పెద్ద బాన, గోడ చూస్తే చిటికెనవేలంత మందం కూడా లేదు. అలాంటి పనితనం ఇంకెక్కడా లేదని పెద్దపెద్దవాళ్ళు వచ్చి ముక్కున వేలేసుకున్నారు. మేస్త్రి పేరు మీద ఒక హాలు వెలిసింది. గుమ్మంలో మీసాలతో ఆయన ఫొటో. ముప్పై ఒక్క కార్డుల మీదా అత్త దస్తూరీలో ఆయన పేరు. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత ఆవిడ రాసిన కార్డులన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారు. ముందుమాట అయిపోయింది, అట్ట మీద బాన బొమ్మ అయిపోయింది. సోమవారం అచ్చుకి పంపాలి. ఇంట్లో ఆ పుస్తకం ఊసు ఎత్తితే అత్త విసుక్కునేది. నేను అటు తిరగ్గానే ప్రూఫులు తీసి చూసుకునేది.

ఆ హాల్లోనే ఒక మూల చిన్న అద్దాలపెట్టెలో ఒక మూత ఉంటుంది. కుక్కగొడుగు ఆకారంలో ఉన్న కాల్చిన మట్టి వస్తువు. ఒకపక్క గుండ్రటి మొహం, రెండోపక్క పొట్టి కాడ. అదీ ఆ బండిలోనే వచ్చింది. కాడ పైకి పెట్టి, "జాడీ మూత. జాడీ లభ్యం కాలేదు," అని అత్త కార్డు రాసింది. గుండ్రటి వైపు కిందికి పెడితే దొర్లిపోతోందని దానికో చెక్కపీట చేయించారు. మూత ఎందుకు దొర్లుతుందని ఎవరూ అడగలేదు. పైగా ఒక ప్రొఫెసరు గారు ఆ దొరకని జాడీ ఎలా ఉండి ఉంటుందో పదహారు పేజీలు రాశారు. బొమ్మ కూడా గీశారు.

అచ్చుకి నాలుగు రోజుల ముందు, గురువారం పొద్దున, ఒక పెద్దావిడ టికెట్ల గది కిటికీ దగ్గరకి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ఎదురుగా ఉన్న కళ్ళ ఆసుపత్రిలో మందుచుక్కలు వేసి గంట ఆగమన్నారట.

"లోపల కూర్చోడానికి కుర్చీలుంటాయా అమ్మా?" అంది.

"కుర్చీలున్నాయి, చూడ్డానికి వస్తువులు కూడా ఉన్నాయి," అన్నాను.

"చూడ్డం నావల్ల కాదులే. దగ్గరివన్నీ అలుక్కుపోయినట్టున్నాయి."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బానల హాల్లో కూర్చోబెట్టాను. ఆ కుర్చీకి సూటిగా పది అడుగుల దూరంలో మూత ఉంది. నేను గుమ్మం దాటేలోగా వెనకనించి నవ్వు వినిపించింది.

"అమ్మాయ్, దాన్నలా తలకిందులుగా పెట్టారేంటి?"

"అది మూతండీ."

"దేనికి మూత?"

"జాడీకి. జాడీ ఇంకా దొరకలేదు."

"ఎట్లా దొరుకుతుంది? అది మూతైతే కదా. కుండ కొట్టేప్పుడు లోపల ఆనించుకునే దిమ్మ అది. ఆ గుండ్రటి మొహం మీద ఒక పక్కగా గోరంత పెచ్చు ఊడి ఉండాలి. ఉందేమో చూడు, నాకు కళ్ళు మసగ్గా ఉన్నాయి."

నేను చూడలేదు. అద్దంలోంచి చూస్తే ఆ వైపు కనిపించదు, పీటలో కూరుకుని ఉంటుంది. వెళ్ళి అత్తని పిలుచుకొచ్చాను. అత్త తాళాలు తెచ్చింది. మొహంలో ఏ భావమూ లేదు. అద్దం తీసి, మూతని పీట మీంచి లేపి, తిప్పింది. గోరంత పెచ్చు ఊడి ఉంది. ఆ సంగతి అత్తకి తెలుసు. కార్డు మీద "అడుగున స్వల్పంగా దెబ్బతిన్నది" అని రాసింది ఆవిడే. ఆవిడా నేనూ తప్ప ఆ కార్డు వెనకవైపు చదివినవాళ్ళు లేరు.

"ఇది మీకెలా తెలుసు?" అంది అత్త.

"ఊడగొట్టింది నేనే కాబట్టి," అంది పెద్దావిడ.

వాళ్ళమ్మా నాన్నా ఆ కార్ఖానాలో పనిచేసేవాళ్ళట. నాన్న మట్టి తొక్కేవాడు. మేస్త్రి సారె మీద బాన మూతి తిప్పి, లేచి వెళ్ళిపోయేవాడు. అప్పటికది అడుగు లేకుండా, మందంగా, జానెడు ఎత్తున ఉండేది. కాస్త ఆరాక వాళ్ళమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకునేది. ఎడంచేత్తో లోపల దిమ్మ ఆనించి, బయటనించి కుడిచేత్తో చెక్కతో కొట్టుకుంటూ పోయేది. కొట్టేకొద్దీ గోడ పలచబడేది, కడుపు పెరిగేది, చివరికి అడుగు కూడా మూసుకునేది. అప్పుడు మేస్త్రి వచ్చి ముద్ర వేసేవాడు.

"మా అమ్మ తన చేతి కొలతకి చేసుకుంది దాన్ని. నాకు ఆరేళ్ళప్పుడు ఆడుకుంటానని తీసుకెళ్ళి రాతిమెట్టు మీద పడేశాను. చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాతి వారమే నన్ను పిన్ని వాళ్ళింటికి పంపించేశారు. దిమ్మ పాడుచేశానని పంపించేశారనుకున్నా. ఆ తర్వాత రెండేళ్ళకి అమ్మ పోయింది. నేను మళ్ళీ చూడలేదు."

ఈ మాటలన్నీ ఆవిడ బస్సు ఆలస్యమైందన్నంత మామూలుగా చెప్పింది. నేనే మొహం పక్కకి తిప్పుకున్నాను. అత్త తిప్పుకోలేదు. దిమ్మ ఆవిడ చేతికిచ్చి, "పట్టుకు చూపించండి," అంది. పెద్దావిడ ఎడంచేత్తో కాడ పట్టుకుంది. కాడ మీద ఒక పల్లం ఉంది. ఇన్నేళ్ళుగా మేం దాన్ని అలంకరణ అనుకుంటున్నాం. ఆవిడ బొటనవేలు అందులోకి వెళ్ళి కూర్చుంది.

అత్త దిమ్మ కేసి, తర్వాత బానల కేసి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

బానల పక్కన గోడకి ఒక బోర్డు ఉంది. "పాత్రల లోపల చేయి పెట్టరాదు." అది పెట్టించింది అత్తే. ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక గుమస్తా చెయ్యి కూజాలో ఇరుక్కుని, చెయ్యి కోసం కూజా పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటినించి మా దగ్గర ఎవరూ ఏ పాత్రలోనూ చెయ్యి పెట్టలేదు, అందరికంటే ముందు అత్త పెట్టలేదు. అడుగులు చూశాం, అంచులు కొలిచాం, నాకాం కూడా. లోపలికి పోలేదు.

అత్త చేతిగడియారం విప్పి నాకిచ్చింది. మొదటి బానలో మోచేయి దాటేదాకా చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. లోపలి గోడంతా వేళ్ళతో తడిమింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది. లోపలి గోడంతా అరచెయ్యంత సొట్టలు, ఒకదాని పక్కన ఒకటి. పైకి నున్నగా కనిపించే బాన లోపల అన్ని దెబ్బలున్నాయని నాకు తెలీదు. ప్రతి సొట్టలోనూ ఒకే చోట, ఒక పక్కగా, గోరంత బొడిపె తగిలింది. దిమ్మ మీద పెచ్చు ఊడిన గుంటలోకి పచ్చిమట్టి ఎక్కితే మిగిలే బొడిపె అది.

ముప్పై ఒక్కటీ చూసేసరికి మధ్యాహ్నం అయింది. బొడిపె ఉన్నవి ఇరవై రెండు. లేనివి తొమ్మిది. పెద్దావిడ మధ్యలో ఆసుపత్రికి వెళ్ళి కళ్ళు చూపించుకుని, శనివారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. అత్త హాల్లో నేలమీద కూర్చుంది. ముంజేయంతా ఎర్రమట్టి.

"ఒక్కసారి చెయ్యి పెట్టి ఉంటే సరిపోయేది," అంది.

"నీకెలా తెలుస్తుంది అత్తా? ముద్ర ఉంది కదా," అన్నాను.

"ముద్ర వేసినవాణ్ణి చేసినవాడు అని రాశాను. ఒక్కసారి కాదు, ముప్పై ఒక్కసార్లు."

ఆవిడ కోసం నాకు అంత బాధేసింది ఆ ఒక్కరోజే. మర్నాడు బాధ పోయి కోపం వచ్చింది, డైరెక్టరు గారి గదిలో. అత్త ఇరవై రెండు కార్డులూ, మూత కార్డూ ఆయన బల్లమీద పెట్టి, పుస్తకం ఆపమంది. ఆయన మంచివాడే. ఎవరిమీదా గొంతెత్తడు. అదే విసుగు పుట్టించేది.

"మీరే ఆలోచించండి. అట్ట మీద ఆయన బాన ఉంది. మొదటి వాక్యంలో ఆయన పేరుంది. ఇప్పుడు ఒక్కటి మారిస్తే, మిగతా ఆరువేల కార్డుల సంగతేంటని అడుగుతారు. మిమ్మల్నే అడుగుతారు."

"అడగనివ్వండి. నేను కూడా అదే అడుగుతున్నాను."

"ఒక ముసలావిడ, అదీ కళ్ళు సరిగ్గా కనపడని ఆవిడ, చిన్నప్పటి మాటేదో చెప్తే..."

"ఆవిడ మాట నేను రాయడం లేదు సర్. బొడిపె రాస్తున్నాను. మీరూ చెయ్యి పెట్టి చూడండి."

ఆయన ఇస్త్రీ చొక్కా చేతులు చూసుకున్నారు. పెట్టనన్నారు. పుస్తకం అచ్చయ్యాక వెనకపేజీలో చిన్న సవరణ వేసుకుందామన్నారు. అత్త ప్రూఫుల కట్ట తీసుకుని చంకలో పెట్టుకుంది. "నా పేరుతో వేస్తున్నారు కాబట్టి నేను ఇవ్వను," అని బయటికి వచ్చేసింది. ఆ పుస్తకం ఇప్పటికీ రాలేదు. ఇక రాదనే అనుకుంటున్నాను. అట్ట బొమ్మలు మాత్రం ముందే ఐదువందలు అచ్చయి ఉన్నాయి. ఇప్పుడు ఆఫీసులో చిట్టీలు వాటి వెనకే రాసుకుంటున్నాం.

శనివారం పెద్దావిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కళ్ళకి కొత్త అద్దాలు. అత్త బోర్డుని గోడకేసి తిప్పేసి, ఆవిడని బానల దగ్గరికి తీసుకెళ్ళింది. "పెట్టండమ్మా," అంది.

పెద్దావిడ చెయ్యి పెట్టింది. బొడిపె ఎక్కడ తగులుతుందో అత్త పైనించి చెప్తోంది. ఆవిడకి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మొదటి బాన, రెండో బాన, పదో బాన. ఒక్కోదాని దగ్గరా, "ఇందులోనూ ఉంది," అంటూ పోయింది. ఇరవై రెండోదాని దగ్గర ఆగి చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"దీంతోనే కొట్టిందా రెండేళ్ళూ?"

"దీంతోనే."

"కొత్తది చేసుకోడానికి ఏముంది? పిడికెడు మట్టి, కుండలు కాల్చే ఆవంలో కాస్త చోటు. మిగతా వాటితోపాటే కాలుతుంది. ఇదైతే ప్రతి దెబ్బకీ మచ్చ. మరెందుకు చేసుకోలేదు?"

అందరి వస్తువులూ ఎందుకో చెప్పే మా అత్త, "అది నాకు తెలీదమ్మా," అంది. పెద్దావిడ ఇంకాసేపు ఆ బానలో చెయ్యి ఉంచుకుంది. ఆరో ఏటినించీ ఆవిడ మోస్తున్న చెంపదెబ్బ ఏమైందో నాకు తెలీదు కానీ, చెయ్యి బయటికి తీశాక ఆవిడ మొహం తేలిగ్గా ఉంది. నేను ఏడ్చాను. ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

తర్వాత ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. అత్త కొత్త కార్డులు తీసింది. ముందు దిమ్మది పూర్తిచేసింది. తర్వాత మొదటి బాన కార్డు మీద "మూతి: పెద్ద మేస్త్రి. మిగతా అంతా:" అని రాసి కలం ఎత్తింది.

"మీ అమ్మగారి పేరు చెప్పండి."

పెద్దావిడ నోరు తెరిచింది. మూసింది.

"నేను అమ్మా అనేదాన్ని. నాన్న ఏమే అనేవాడు. మేస్త్రి గారు ఓ అమ్మాయ్ అనేవాడు. తర్వాత పిన్ని దగ్గర పెరిగాను కదా, పిన్ని ఎప్పుడూ అక్క అనే అంది. అక్క అట్లా చేసేది, అక్కకి ఇది ఇష్టం, అని. పేరెప్పుడూ అడగాలనిపించలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు."

అత్త తొందరపెట్టలేదు. "అయితే మీ పేరు చెప్పండి," అని రాసుకుంది. కార్డు మీద ఇలా వచ్చింది: "మిగతా అంతా: ఈ కింద సంతకం చేసినావిడ తల్లి. రుజువు: కూతురు ఆరేళ్ళ వయసులో దిమ్మ పడేయగా ఊడిన పెచ్చు, లోపలి సొట్టలన్నిటా కనిపిస్తుంది."

"నేనే పడేశానని రాయాల్సిందేనా?" అంది పెద్దావిడ.

"అది తప్ప ఇంకో రుజువు లేదు."

"సరే రాయండి. ఇప్పుడు కొట్టేవాళ్ళెవరున్నారు."

ఇరవై రెండు సంతకాలు చేసేసరికి ఆవిడ చెయ్యి నొప్పి పుట్టింది. వేళ్ళు విదిలించుకుని, బల్ల మీద అటుపక్కన పెట్టి ఉన్న తొమ్మిది పాత కార్డుల కోసం చెయ్యి చాపింది. అత్త వాటిని తన దగ్గరకి లాక్కుంది.

"ఇవి కాదమ్మా."

"ఎందుకు కాదు? అవీ అమ్మవే. ఆ షెడ్డులో కొట్టేది అమ్మొక్కతే."

"అయి ఉండొచ్చు. కానీ లోపల బొడిపె లేదు. దిమ్మ పెచ్చు ఊడకముందు చేసినవై ఉంటాయి. అవి ఆవిడే చేసిందని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికే నమ్మకంతో నేను ఒకసారి రాశాను. మళ్ళీ రాయను."

నాకు అత్త మీద ఒళ్ళు మండింది. తొమ్మిది గీతలు. రాస్తే ఎవరి సొమ్ము పోయింది? అత్త మొహం మాత్రం మంగళవారం మొహమే. కదల్లేదు.

పెద్దావిడకి కోపం రాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, హాల్లో దూరంగా నిలబడి ఉన్న ఆ తొమ్మిది బానల కేసి చూసింది.

"ఇంకాస్త చిన్నప్పుడే పడేసి ఉండాల్సింది," అంది.